చవకైన జవాబు

నా పాత బండికి తక్కువలో మంచి రేడియేటర్ వేయిద్దామని ఈ వేసవి మొదట్నుంచీ వెతుకుతూ వచ్చాను. అలా వెతికేవాడికి, అనుకున్నదానికన్నా ఇంకా తక్కువలో పని అయ్యే దారి ఎవరైనా చూపిస్తే సంతోషం కలగాలి. నాకు కోపం వచ్చింది.

పంజాగుట్ట మార్కెట్ వెనక సందులో రేడియేటర్ల పని చేసే భాయ్ బానెట్ ఎత్తకముందే రెండు ప్రశ్నలు వేశాడు. "రన్నింగ్‌ల దిగుతుందా సార్ సూది?" దిగుతుందన్నాను. "ఏసీ బంద్ జేస్తే?" అప్పుడూ దిగుతుందన్నాను. "మరి రేడియేటర్ ఎందుకు? ముందుగాల ఫ్యాన్ జూపించుండ్రి. క్యాప్ మార్చుండ్రి. గప్పుడు జూద్దాం" అని పక్కనున్న ఆటో వైపు తిరిగిపోయాడు. మొహం మాడ్చుకుని వచ్చేశాను. ఇంటికొచ్చాక కూడా ఆ చిరాకు పోలేదు. వీళ్ళకి ఇలాంటి బళ్ళ గురించి ఏం తెలుసులే అనుకుని సర్దుకున్నాను. కానీ ఆ సర్దుబాటు కింద ఉన్నది వేరే ఏదో అని అప్పటికే నాకు అనుమానం. అదేమిటో చూసుకుందామనే ఇది రాస్తున్నాను.

బండి గురించి కొంత చెప్పాలి. హోండా సిటీ వీటెక్. 1998లో మన దేశంలోకి వచ్చిన సిటీకి 2000 ప్రాంతంలో ఈ ఇంజన్ పెట్టారు. ఒకటిన్నర లీటర్లు, 106 హార్స్‌పవర్. ఇవాళ ఆ అంకె విని ఎవరూ తలతిప్పరు. ఇంటిల్లిపాదీ ఎక్కే మామూలు టర్బో బళ్ళే అంతకన్నా ఎక్కువ ఇస్తున్నాయి. కానీ అప్పట్లో మన రోడ్ల మీద తిరిగే బళ్ళ మధ్య, 6,800 ఆర్‌పీఎం దాకా హాయిగా పాకి అక్కడ తన శక్తినంతా విప్పే ఇంజన్ అంటే అదొక వింత. 2003లో వచ్చిన కొత్త సిటీలో మైలేజీ చూసుకుని 77 హార్స్‌పవర్ ఇంజన్ పెట్టేసరికి, పాతదాన్ని ఇష్టపడేవాళ్ళకి దాని మీద మమకారం ఇంకా గట్టిపడింది. నాది 2002 మోడల్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. రాష్ట్రం విడిపోయి టీఎస్ నంబర్లు వచ్చాయి, 2024లో టీజీ నంబర్లు వచ్చాయి. నా బండి మీద మాత్రం ఇంకా ఏపీ 09 అనే ఉంటుంది. పదిహేనేళ్ళు నిండాక రెన్యువల్ చేయించి, గ్రీన్ ట్యాక్స్ కట్టి నడుపుకుంటున్నాను. ఆ పాత నంబరు ప్లేటు కూడా నాకు గొప్పే. ఇది ఇక్కడే ఒప్పేసుకుంటే మంచిది.

బండికొచ్చిన ఇబ్బంది చిన్నది. మామూలుగా టెంపరేచర్ సూది సగానికి కొంచెం కిందే ఆగుతుంది. అమీర్‌పేట మెట్రో స్టేషన్ కింద ఇరుక్కుని, అక్కణ్ణుంచి పంజాగుట్ట సిగ్నల్ దాకా స్తంభాల పక్కన ఫస్ట్ గేర్‌లో నడకలాగా పోతుంటే మాత్రం సగం దాటి పైకి ఎక్కుతోంది. మే నెల, 41, 42 డిగ్రీల ఎండ, ఏసీ నడుస్తూ ఉంటుంది. ఎర్రమంజిల్ దాటి బండి కాస్త వేగం అందుకోగానే సూది తన చోటికి దిగిపోతుంది.

రోగమేమిటో ఈ లక్షణాలే చెప్పేస్తాయి. ఆగినప్పుడే వేడెక్కుతోందంటే నీళ్ళు తెచ్చిన వేడిని మోసుకుపోవడానికి గాలి చాలడం లేదని. ఆగిన బండికి గాలి లాగేది ఫ్యాన్ ఒక్కటే. ఇరవై ఏళ్ళు దాటిన మోటారు మెల్లగా తిరుగుతుండొచ్చు, రిలే దగ్గర కనెక్షన్ కాలి ఉండొచ్చు, ఫ్యాన్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ కవరు పగిలి గాలి పక్కల నుంచి పోతుండొచ్చు. క్యాప్ సంగతీ అలాంటిదే. హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి ఇక్కడ మూతలేని గిన్నెలో నీళ్ళు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. రేడియేటర్ క్యాప్‌లోని స్ప్రింగు 1.1 బార్ ఒత్తిడిని పట్టి ఉంచితే అవే నీళ్ళు 120 డిగ్రీల దాకా మరగవు. కూలెంట్ సగానికి సగం కలిపితే ఇంకో ఏడెనిమిది డిగ్రీలు కలిసొస్తాయి. స్ప్రింగు వదులైతే ఆ రక్షణ అంతా పోతుంది. కొత్త క్యాప్ మూడొందల లోపే వస్తుంది.

ఇదంతా భాయ్ చెప్పాక నేను నేర్చుకున్నది కాదు. నాకు ముందే తెలుసు. ఆ కోపం నన్ను వదలకుండా వెంటబడటానికి కారణం ఇదే. తెలియనివాడికి తెలిసినవాడు అడ్డొస్తే వచ్చే కోపం వేరు, దాన్ని క్షమించుకోవచ్చు. నాకు తెలిసిన మాటే ఇంకొకరి నోటి నుంచి వస్తే అంత కోపం ఎందుకు రావాలి?

నా ఫోన్‌లో ఒక బొమ్మ ఉంది. పూర్తిగా అల్యూమినియంతో చేసిన రేడియేటర్. ప్లాస్టిక్ ట్యాంకులు లేవు. పాలిష్ పట్టిన ట్యాంకుల అంచుల్లో టిగ్ వెల్డింగ్ పూస ఒక్కచోట కూడా వంకరపోకుండా సాగుతుంది. రెండు వరసల ట్యూబులు, 36 మిల్లీమీటర్ల మందం కోర్. రాత్రి పడుకునే ముందు దాన్ని రెండు వేళ్ళతో పెద్దది చేసుకుని ఆ వెల్డింగ్ చూసేవాణ్ణి. ఇలాంటివి చేసేవాళ్ళలో జపాన్‌కి చెందిన కొయోరాడ్ ఉంది, అమెరికాలో డెలావేర్ రాష్ట్రానికి చెందిన మిషిమోటో ఉంది. ఆ రెండోది కూడా జపాన్‌దే అనుకుని, ఆ ఊహతోనే కొన్నాళ్ళు దాన్ని ఎక్కువ గౌరవించాను. అచ్చంగా నా బండి కోసం చేసినవి నాకు కనబడలేదు. 1992 నుంచి 2000 వరకు వచ్చిన సివిక్‌లకి చేసిన సగం వెడల్పు రేడియేటర్ తెప్పించి, బ్రాకెట్లు మార్చి బిగించుకోవచ్చని నా ఆలోచన. పాతిక వేలు దాటుతుంది, కస్టమ్స్ విడి. ఇంకా ఖరీదైనవి ఉన్నాయి కాబట్టి దీన్ని ‘తక్కువలో’ అనే లెక్కలో వేసుకున్నాను.

దాన్ని సమర్థించడానికి నా దగ్గర లెక్కలున్నాయి. 106 హార్స్‌పవర్ అంటే దాదాపు 79 కిలోవాట్లు. పెట్రోల్ ఇంజన్ పూర్తి శక్తితో పనిచేసేటప్పుడు ఉజ్జాయింపుగా అంతే వేడి కూలెంట్ మీద పడుతుంది. ఇది నిజం. కానీ సిగ్నల్ దగ్గర ఇంజన్ ఊరికే తిరుగుతున్నప్పుడు అందులో పదో వంతు కూడా పడదన్నదీ అంతే నిజం. మందంగా ఉన్న కోర్ వేగంగా పోయే బండికి మేలు చేస్తుంది, ఎందుకంటే గాలి దానంతటదే దూసుకొస్తుంది. ఆగి ఉన్న బండిలో ఆ మందంలోంచి గాలి లాగడం బలహీనపడ్డ ఫ్యాన్‌కి మరింత కష్టం. అంటే నేను కోరుకున్న వస్తువు నాకున్న ఇబ్బందిని తీర్చకపోగా పెంచినా పెంచవచ్చు. ఇవన్నీ ఒకే పుస్తకంలో పక్కపక్క పేజీల్లో ఉండే విషయాలు. నాకు కావలసిన పేజీ దగ్గర చదవడం ఆపాను. చదువు లేకపోవడం వల్ల కాదు, తెలిసే ఆపాను.

మా పెదనాన్న ఒకసారి గుండెనొప్పి అని భయపడి ఊరి నుంచి వచ్చాడు. పంజాగుట్టలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. పరీక్షలన్నీ చూసి డాక్టర్, "గ్యాస్ అండీ, గుండెకేం లేదు" అన్నాడు. మేమందరం ఊపిరి పీల్చుకున్నాం. ఆయన మాత్రం చిన్నబుచ్చుకున్నాడు. ఇంకో డాక్టర్‌కి చూపించమని రెండు రోజులు పోరాడు. ఆయన చావు కోరుకోలేదు, నొప్పీ కోరుకోలేదు. అంత దూరం వచ్చిన మనిషికి, అంత భయపడ్డ మనిషికి తగిన జబ్బు కావాలనుకున్నాడు. నేను భాయ్ దగ్గరికి వెళ్ళింది అచ్చం అలాగే. నా బండికి వచ్చిన ఇబ్బంది నా బండి పేరుకి తగినట్టు ఉండాలి. ఫ్యాన్ మోటారు, మూడొందల క్యాప్ అనేసరికి ఆ రెండు ముక్కల్లో నా బండి సిగ్నల్ దగ్గర ఆగిన ఏ పాత క్యాబ్‌తోనైనా సమానమైపోయింది. బండితో పాటు నేనూ.

కోపం అక్కణ్ణుంచి వచ్చిందని ఇప్పుడు గట్టిగానే చెప్పగలను. కానీ అంత గొప్ప నాకెందుకు అవసరమైంది?

దీనికి నా దగ్గర సిద్ధంగా ఒక కథ ఉంది. 2001లో తెనాలి నుంచి కోర్సు నేర్చుకోవడానికి అమీర్‌పేట వచ్చాను. మైత్రీవనం, ఆదిత్య ఎన్‌క్లేవ్ చుట్టూ ఎక్కడ చూసినా ఒరాకిల్, జావా బోర్డులే. అమెరికాలో డాట్‌కామ్ కంపెనీలు మూతపడి, వెళ్ళినవాళ్ళే తిరిగొస్తున్న ఏడాది అది. అయినా మెట్ల మీద చోటు లేకుండా పిల్లలు. హాస్టల్ గదిలో నలుగురం. సాయంత్రం టిఫిన్ సెంటర్ ముందు ఒక మెరూన్ రంగు వీటెక్ వచ్చి ఆగేది. దాని ఓనరు నాకన్నా ఆరేడేళ్ళు పెద్దవాడై ఉంటాడు. ఇడ్లీ తిని, చెయ్యి కడుక్కుని, బండి స్టార్ట్ చేసి రేస్ చేస్తే ఆ సందులో ఉన్న తలలన్నీ అటు తిరిగేవి. అప్పుడే అనుకున్నాను, ఎప్పటికైనా ఈ బండి కొనాలని. ఈ కథ చెప్పినప్పుడల్లా విన్నవాళ్ళ కళ్ళలో మెచ్చుకోలు కనిపిస్తుంది. కష్టపడి పైకొచ్చిన కుర్రాడు, కలగన్న బండి. అలాంటివాడు ఒక మంచి రేడియేటర్ కొనుక్కుంటే ఎవరు కాదంటారు?

నేనే ఇప్పుడు కాదంటున్నాను. అదే గదిలో నాతో పాటు నల్లగొండ నుంచి వచ్చిన ఒకబ్బాయి ఉండేవాడు. నాకన్నా ఇబ్బందుల్లో ఉన్నవాడు. నెలాఖరుకి మెస్ బిల్లు కట్టడానికి ట్యూషన్లు చెప్పేవాడు. ఆ బండిని వాడూ రోజూ చూశాడు. ఇప్పుడు నాకన్నా మంచి ఉద్యోగంలో ఉండి, అమీర్‌పేటలో రైలు మారి మెట్రోలో ఆఫీసుకి వెళ్ళొస్తాడు. లేమి మా ఇద్దరికీ ఒకటే. అది వాడిలో ఈ ఆకలి పుట్టించలేదు. కాబట్టి అప్పటి ఖాళీ జేబు మీదికి నా ఇప్పటి గొప్పని తోసెయ్యడం సరికాదు. ఇంకా లోపలికి వెళితే, ఆ సందులో నాకు బాగా గుర్తున్నది ఆ ఇంజన్ చప్పుడు కూడా కాదు. తిరిగిన తలలు. నేను కావాలనుకున్నది బండినో, ఆ తలలనో, ఈ వయసులో కూడా తేల్చుకోలేకపోతున్నాను.

ఇంతటితో నన్ను నేను పూర్తిగా తిట్టుకోవడానికీ మనసొప్పదు. గొప్ప కోసం పడే తపన అన్నిచోట్లా చెడ్డది కాదు. ఈ రేడియేటర్ అనే వస్తువు ఇవాళ ఉన్న రూపానికి రావడం వెనక కూడా ఒక మనిషి గొప్పలున్నాయి. ఎమిల్ యెలినెక్ అనే ధనవంతుడు నీస్ నగరంలో పందేలు గెలవాలని డైమ్లర్ కంపెనీ వెంటపడి, అంతకుముందు లేనంత బలమైన కారు చేయించుకున్నాడు. దానికి తన కూతురు పేరే పెట్టించాడు, మెర్సిడెస్ అని. 35 హార్స్‌పవర్ ఇంజన్ వేడిని ఎలా చల్లార్చాలన్న ప్రశ్నకి ఇంజనీరు విల్‌హెల్మ్ మేబాహ్ తేనెపట్టు రేడియేటర్‌తో జవాబు చెప్పాడు. 8,070 సన్నని గొట్టాలు, మధ్యలోంచి గాలి, మొత్తం తొమ్మిది లీటర్ల నీళ్ళతో సరిపోయింది. 1901 మార్చిలో ఆ బండి నీస్‌లో గెలిచింది. ఇవాళ పంజాగుట్ట సిగ్నల్ దగ్గర ఆగిన ఇంజన్లను చల్లబరిచేది కూడా ఆ ఆలోచనకి వారసులే.

యెలినెక్‌ని తలుచుకుని కొన్నాళ్ళు ధైర్యం తెచ్చుకున్నాను. గొప్పలు లేకపోతే మంచి వస్తువు పుట్టదు కదా అని. తర్వాత ఒక తేడా కనిపించింది. ఆయన గొప్ప మేబాహ్‌ని నిజంగా ఉన్న సమస్య ముందు నిలబెట్టింది. నా గొప్ప, ఉన్న సమస్య కళ్ళబడకుండా నన్ను పక్కకి తిప్పింది. ఆ కాలంలో రేడియేటర్ బండికి ముఖం కూడా. చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్, 1912 నాటిది, దాని ఎదుట నిలబడితే మనం ముందుగా చూసేది రేడియేటర్‌నే. నిజాం ముఖం చూసినంత మర్యాదగా చూస్తాం. ఇవాళ అది గ్రిల్లు వెనక, ఏసీ కండెన్సర్ వెనక, ఎవరికీ కనబడని చోట ఉంటుంది. కనబడని వస్తువుకి అంత పాలిష్ ఎవరికోసం?

ఎవరికోసమో నాకు తెలుసు. ఆదివారం తెల్లవారుజామున బళ్ళ మీద ఇష్టమున్న మేం కొంతమందిమి ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా వికారాబాద్ వైపు వెళతాం. చాయ్ దగ్గర ఆగాక బానెట్లు లేస్తాయి. ఆక్టేవియా ఆర్‌ఎస్ ఉంటుంది, మూడు తలుపుల పోలో జీటీఐ ఉంటుంది. వాటి మధ్య నా ఇరవై ఏళ్ళు దాటిన బండి. వాళ్ళు నన్ను ఎప్పుడూ తక్కువ చేయలేదు. పైగా నా బండి అంటే వాళ్ళందరికీ ముద్దు. ఆ ముద్దే నాకు గుచ్చుకుంటుంది. ముద్దు చేసే బండి కాకుండా, మాట ఆగిపోయేలా చూసే బండి కావాలి నాకు. ఆ మెరిసే అల్యూమినియం ఆ ఒక్క క్షణం కోసం. దానికి ఇంజన్ భద్రత అని పేరు పెట్టి ఇంట్లో చెప్పాను. మా ఆవిడ, "మీ ఇష్టమండీ, పిల్లాడి ఫీజు కట్టాక చూసుకోండి" అంది. ఆ మాటలో అభ్యంతరం లేదు, నమ్మకమే ఉంది. ఇంజన్ భద్రత అంటే నిజంగా ఇంజన్ భద్రతే అనుకుంది. అబద్ధం చెప్పలేదని ఎంత సరిపెట్టుకున్నా, ఆ నమ్మకం దగ్గరికి వచ్చేసరికి నేను తల దించుకోవాల్సి వస్తోంది.

ఇంకోటుంది, అది దీనికన్నా ఇబ్బందిగా ఉంటుంది చెప్పడానికి. పాతిక వేల రేడియేటర్ ధర చూసి నేను ఒక్క రూపాయి కూడా బేరమాడాలనుకోలేదు. ఆ ధర కూడా దాని అందంలో భాగమే అనిపించింది. తర్వాత ఒక రోజు భాయ్ రేడియేటర్ దింపి, కడిగి, ప్రెషర్ చూసి బిగించడానికి ఎనిమిది వందలు అంటే, "ఆరొందలు చేసుకో భాయ్" అనే మాట ఆలోచించకుండానే నా నోటి నుంచి వచ్చింది. రెండొందలు నాకు లెక్కలోవి కావు. మోసపోలేదన్న తృప్తి కావాలి, అది మాత్రం మనిషి ఎదురుగా ఉన్నచోటే వెతుక్కుంటాను. దీన్ని పొదుపు అని మా ఇంట్లో చిన్నప్పట్నుంచీ మెచ్చుకున్నారు. పొదుపైతే పాతిక వేల దగ్గర ఏమైపోయింది?

భాయ్ పని గురించి కూడా ఆ తర్వాతే ఆలోచించాను. రాగి, ఇత్తడితో చేసిన రేడియేటర్లు ఉన్న కాలంలో ఈ సందులో చేతినిండా పని. ట్యాంకు విప్పి, ట్యూబుల్లోకి సన్నని కడ్డీలు దూర్చి పాచి తీసి రాడింగ్ చేసేవాళ్ళు. కారుతున్నచోట టంకం పెట్టేవాళ్ళు. ఒక్కో రేడియేటర్ ఎన్నో ఏళ్ళు బతికేది. తర్వాత అల్యూమినియం కోర్, ప్లాస్టిక్ ట్యాంకులు వచ్చాయి. తేలిక, చవక, వేడి బాగానే లాగుతాయి. కానీ అల్యూమినియానికి ఆ పాత టంకం పట్టదు. ట్యాంకుని రబ్బరు వాషర్ మీద పెట్టి కోర్ అంచులు మడిచి నొక్కేస్తారు. ప్లాస్టిక్ పగిలిందంటే తీసి కొత్తది వెయ్యాల్సిందే. అలా బాగుచేసే పని తగ్గి మార్చే పని పెరిగింది. కొత్తది వేస్తేనే భాయ్‌కి నాలుగు డబ్బులు మిగులుతాయి. నేను కొత్త రేడియేటర్ కావాలని అడుక్కుంటూ వెళితే, వద్దు, ఫ్యాన్ చూపించుకో అన్నాడు. ఆ ఫ్యాన్ డబ్బులు పక్క సందులో ఎలక్ట్రీషియన్‌కి పోతాయి. తన రాబడికి తనే అడ్డుపడి చెప్పిన మాటని, నేను ‘వీళ్ళకేం తెలుసు’ అనే మాటతో కొట్టిపారేశాను.

ఫ్యాన్ చూపించాను. ఎలక్ట్రీషియన్ మోటారు విప్పి, అరిగిపోయి గోరంత మిగిలిన కార్బన్ ముక్కలు నా చేతిలో పెట్టాడు. కొత్త కార్బన్లు, కొత్త క్యాప్. అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా మిట్టమధ్యాహ్నం ఏసీ వేసుకుని వచ్చాను. సూది కదల్లేదు. బండి బాగైనందుకు సంతోషించాలి. నిజం చెప్పాలంటే ఆ దారి పొడుగునా కాస్త పైకి లేస్తే బాగుండని సూది వంకే చూస్తూ వచ్చాను.

ఎలాగూ వచ్చాం కదా అని భాయ్‌తో రేడియేటర్ దింపించి కడిగించాను. ఒక గొట్టానికి రబ్బరు బిరడా కొట్టి, రెండోదాన్లోంచి గాలి ఎక్కిస్తూ దాన్ని నీళ్ళ తొట్టిలో ముంచాడు. బుడగలు రాలేదు. కానీ పైకి తీసి అడుగు భాగం మీద బొటనవేలితో మెల్లగా రుద్దితే ఫిన్స్ బూడిదలా రాలాయి. ట్యూబుల మూతుల దగ్గర తెల్లటి పెచ్చులు, నాకు ముందు ఎవరో బోరు నీళ్ళు పోసి నడిపిన గుర్తులు. "ఇప్పుడు నడుస్తది సార్. వచ్చే ఎండాకాలం దాకా రాదు" అన్నాడు.

ఆ మాట వినగానే నాలో లేచినది ఆనందం. దాన్ని ఎంత దాచుకుందామనుకున్నా భాయ్ ముందు నవ్వు ఆగలేదు. నా బండి లోపల పుచ్చిపోయిందని ఒకరు చెబితే నేను సంబరపడ్డాను. ఈ వేసవిలో నా గురించి నాకు తెలిసినవాటిలో దీన్నే ఎక్కువగా తలుచుకుంటున్నాను. నేను ఈ బండిని ప్రేమిస్తున్నానని అందరితో అంటాను. ప్రేమించేవాడు ఇలాంటి కబురుకి నవ్వుతాడా? పెదనాన్న కూడా ఇంకో డాక్టర్ దగ్గర ఏదైనా తేలి ఉంటే ఇలాగే తేలికపడేవాడేమో.

కొనక తప్పదని తేలాక ఎంపిక మిగిలింది. పేరులేని లోకల్ ఐటమ్ నాలుగు వేల లోపు వస్తుందన్నాడు. దాన్ని చేతికి తీసుకుని ఫిన్స్ ఒత్తుగా ఉన్నాయా, ఫ్యాన్ బిగించే రంధ్రాలు పాతదాంతో సరిపోతున్నాయా, ట్యాంకు అంచు మడతలు సమంగా పడ్డాయా అని ఆయనే ఒక్కొక్కటి చూపించి పక్కన పెట్టేశాడు. ఆ పైన మన దేశంలో పేరున్న కంపెనీలవి, ఏడెనిమిది వేల మధ్య. ఆయన చెప్పిన పేర్లలో బాంకో ఒకటి. 1961 నుంచి వడోదరలో ఉన్న కంపెనీ. నాకు అది లారీలకీ ట్రాక్టర్లకీ చేసేవాళ్ళ పేరుగానే తెలుసు, అందుకే పెదవి విరిచాను. అదే నోటితో అంతకుముందు నెదర్లాండ్స్‌కి చెందిన ఎన్‌ఆర్‌ఎఫ్ రేడియేటర్లంటే బాగా గౌరవంగా మాట్లాడినవాణ్ణి. ఆ డచ్ కంపెనీని 2010లో కొన్నది ఈ వడోదర వాళ్ళేనని తర్వాత తెలిసింది. పేరు ఎక్కణ్ణుంచి వినిపిస్తోందన్నదాన్ని బట్టి నా గౌరవం ఎలా పెరిగి తగ్గుతుందో అప్పుడు చూశాను. మిషిమోటో విషయంలోనూ జరిగింది అదే.

చివరికి ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రేడియేటర్ కొలతలకి సరిపోయే, ప్లాస్టిక్ ట్యాంకుల కంపెనీ ఐటమ్ ఒకటి రాణిగంజ్ నుంచి తెప్పించి వేయించాను. పచ్చ కూలెంట్, బ్యాటరీ వాటర్ సగం సగం. థర్మోస్టాట్ తీసెయ్యొద్దని నేను చెప్పబోతే, "ఎందుకు తీస్తం సార్, ఇంజన్ వేడెక్కాలె గదా" అన్నాడు భాయ్. ఆయన నన్ను సరిదిద్దినట్టు అనలేదు, మామూలుగా అన్నాడు. కూలీ ఎనిమిది వందలూ ఇచ్చాను. ఈసారి బేరమాడలేదని లోపల ఒక వెచ్చదనం కలిగింది. ఇదిగో మారాను అన్న వెచ్చదనం. ఆయన డబ్బు లెక్కపెట్టకుండా జేబులో పెట్టుకుని, వెనక ఎదురుచూస్తున్న క్యాబ్ బానెట్ ఎత్తాడు. నేను మారడం ఆయనకి పట్టదు, పట్టాల్సిన అవసరమూ లేదు.

ఇప్పుడు నన్ను తొలుస్తున్నది ఈ వెచ్చదనమే. పాతిక వేలది కాదని ఎనిమిది వేలది వేయించుకున్నాక, తెలివిగా ఆలోచించే మనిషినన్న భావం నాలో మెల్లగా పెరుగుతోంది. మొన్న ఆఫీసులో ఒకతను తన బండికి ఇంటర్‌కూలర్ తెప్పిస్తానంటే, నీకు అవసరమా అని అడిగాను. అడిగిన తీరు నా చెవులకే బాగా లేదు. మెరిసే అల్యూమినియం చూపించి తిప్పాలనుకున్న తలల్ని ఇప్పుడు నిరాడంబరతతో తిప్పాలనుకుంటున్నానా? కోరిక అదే ఉండి వస్తువు మాత్రం మారిందా? అలా కాదని గట్టిగా చెప్పలేను. అలా అయితే మాత్రం, ఆ మెరిసేదే కొని ఉంటే కనీసం చూపించుకోవాలన్న కోరిక పైకి కనబడుతూ ఉండేది, ఎవరైనా నా ముఖం మీదే అనగలిగేవాళ్ళు. ఇది బయటికి మంచి గుణంలా కనిపిస్తుంది కాబట్టి ఎవరూ అనరు. నేనే కనిపెట్టుకుని ఉండాలి.

ఆ బొమ్మ ఫోన్‌లో ఇంకా ఉంది. చూస్తే ఇప్పటికీ అందంగానే ఉంటుంది. ఆ వెల్డింగ్ చేసిన చేతికి నిజంగా పనితనం ఉంది, దాన్ని మెచ్చుకోవడంలో తప్పు పట్టుకోదలచుకోలేదు. వచ్చే ఆదివారం వికారాబాద్ వెళుతున్నాం. చాయ్ దగ్గర బానెట్ ఎత్తమంటే ఎత్తుతాను. ఏం రేడియేటర్ వేశావని ఎవరో ఒకరు అడుగుతారు. పేరు చెప్పి ఊరుకోగలనో, దాని వెంట పొదుపు గురించీ ఫ్యాన్ గురించీ ఇంకో పది నిమిషాలు మాట్లాడతానో నాకింకా తెలీదు.